నా నడుములో ఒక సంధికార్యం



ఏడాదికి పైగా ఈ పుటలో కొత్త టపా లేకపోవడం గమనించి కుశలమడిగిన వారందరికీ ముందుగా కృతజ్ఞతలు. మౌనానికి కారణం సోమరితనం కాదు, నడుము. 2023 నవంబరులో నా వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగింది. జారిన వెన్నుపూసను దాని కింది పూసతో కలిపి ఒక్కటి చేసే చికిత్స అది. వైద్యులు స్పైనల్ ఫ్యూజన్ అంటారు. వయసు మళ్ళినవాళ్ళు నలుగురు చేరితే రోగాల పద్దు విప్పుతారని లోగడ నేనే ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పుడు నా పద్దు నేనే విప్పుతున్నాను, మన్నించాలి. దీనికి రెండు కారణాలున్నాయి. ఇదే బాధతో ఆలోచనలో పడ్డవారికి ఒక రోగి మాట పనికి రావచ్చునన్నది మొదటిది. రెండవది చివర మనవి చేస్తాను.

నొప్పి ఒక్కనాడు వచ్చింది కాదు. భాషాప్రవీణ చదివి, తెలుగు పండిత శిక్షణ పొంది, 1985లో ఉద్యోగంలో చేరిన నాటినుంచి 2019లో విరమించేదాకా ముప్పై నాలుగేళ్ళు నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పినవాణ్ణి. చివరి నాలుగైదేళ్ళలో నడుము పట్టేయడం మొదలయింది. వావిలాకు వేసి కాచిన నీళ్ళు, ఇసుకమూట కాపడం, మహానారాయణ తైలం మర్దన, మందుల షాపు కుర్రవాడిచ్చిన మాత్రలు అన్నీ అయ్యాయి. పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకోమన్నవారు ఒకరు, పరుపు తీసేసి చాప మీద పడుకోమన్నవారు ఒకరు. మన దేశంలో నడుము నొప్పికి మందు తెలియనివాడు లేడు, నొప్పి ఉన్నవాడు తప్ప.

2022 నాటికి నొప్పి నడుము దాటి, పిరుదుల మీదుగా రెండు పిక్కలలోకీ దిగింది. మా ఇంటినుంచి పాలకేంద్రం రెండు వందల గజాలు. సగం దారిలోనే కాళ్ళు బండరాళ్ళయ్యేవి. ఎవరి అరుగు మీదనో రెండు నిమిషాలు కూర్చుంటే ఆ బాధ మాయమయ్యేది, లేచి నడిస్తే మళ్ళీ వచ్చేది. విచిత్రమేమంటే సైకిలు తొక్కితే ఏ బాధా లేదు. ఎక్కకపోయినా సరే, సైకిలు హేండిలు మీద వాలి దానిని నెట్టుకుంటూ నడిస్తే పాలకేంద్రం దాకా ఆగకుండా వెళ్ళగలిగేవాణ్ణి. మాస్టారు సైకిలు ఎక్కడం మరచిపోయారని వీధిలో పిల్లలు నవ్వుకున్నారు.

గుంటూరులో వెన్నెముక వైద్యుని దగ్గర కూర్చోగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే.

"మాస్టారూ, సైకిలు తొక్కితే కాళ్ళు లాగుతాయా?"

లాగవన్నాను. ఆయన తల ఊపాడు. నిటారుగా నిలబడినప్పుడు వెన్నెముకలోని నాళం ఇరుకవుతుంది, ముందుకు వంగినప్పుడు కొంత విశాలమవుతుంది. నాళం మూసుకుపోతూ నరాలు నలిగేవానికి వంగితే సుఖం, నిలబడితే కష్టం. అదే రక్తనాళాల లోపంవల్ల వచ్చే పిక్కల నొప్పి అయితే సైకిలు తొక్కినా వస్తుందట. రోగనిర్ణయంలో సగం ఆ ఒక్క ప్రశ్నతో తేలింది. మిగిలిన సగం ఎక్స్‌రేలు, ఎమ్మారై తేల్చాయి.

మన వెన్నులో పుట్టుకనాటికి ముప్పై మూడు పూసలుంటాయి. మెడలో 7, వీపులో 12, నడుములో 5, వాటి కింద త్రికాస్థిలో 5, చివర తోకఎముకలో సాధారణంగా 4. త్రికాస్థిలోని అయిదూ బాల్యంలో వేర్వేరుగా ఉండి, యౌవనం గడిచేలోగా అతుక్కొని ఒకే ఎముక అవుతాయి. అంటే పూసలను కలపడం వైద్యుడు కొత్తగా కనిపెట్టింది కాదు, ప్రకృతి ప్రతి దేహంలోనూ చేస్తున్నదే. నాకు నడుములోని నాలుగవ పూస అయిదవదాని మీదనుంచి ముందుకు జారింది. దీని పేరు స్పాండిలోలిస్థెసిస్. గ్రీకు భాషలో స్పాండిలోస్ అంటే వెన్నుపూస, ఒలిస్థెసిస్ అంటే జారడం. పేరు విని భయపడ్డవాణ్ణి వ్యుత్పత్తి తెలిశాక కొంత కుదుటపడ్డాను. పండితులకు ఇదొక బలహీనత. పదం విడిపోతే చాలు, సమస్య విడిపోయిందనుకుంటాం.

"జారిన పూసను కింది పూసతో కలిపేస్తాం. రెండూ ఒకటైపోతాయి. ఇక జారడానికి ఉండదు" అన్నాడు వైద్యుడు.

"అంటే సంధి చేస్తారన్నమాట" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను మాత్రం ఇంటికి వచ్చేదాకా ఆ మాటనే నమిలాను. శరీరశాస్త్రంలో సంధి అంటే కీలు. అక్కడ రెండు ఎముకలు కలుస్తాయిగాని, రెండుగానే ఉండి కదులుతాయి. సంధివాతమనే మాటలో ఉన్నది ఆ సంధి. వ్యాకరణంలో అలా కాదు. రెండు అచ్చులు ఎదురుపడితే రెండింటికీ బదులు ఒక్కటే నిలుస్తుంది, విడివిడిగా పలికే స్వేచ్ఛ పోతుంది. ఈ వైద్యుడు నా దేహంలో చేయబోయేది శరీరశాస్త్రపు సంధిని తీసివేసి దాని చోట వ్యాకరణపు సంధిని పెట్టడం. కదలికను ఇచ్చి నిలకడను కొనుక్కోవడం. బేరం మంచిదా చెడ్డదా అన్నదే ప్రశ్న.

రెండవసారి వెళ్ళినప్పుడు సూటిగా అడిగాను. "బాబూ, ఈ సంధి నిత్యమా, వైకల్పికమా?" చేసితీరవలసినదా, చేసినా మానినా సరేనా అని నా ప్రశ్న. వివరించి చెప్పాక ఆయన ఇచ్చిన సమాధానం వింటే బాలవ్యాకరణం చదివినవారికి బహుళం గుర్తుకు వస్తుంది. ఒకే కార్యం ఒకచోట తప్పక జరుగుతుంది, ఒకచోట జరగనే జరగదు, ఒకచోట ఐచ్ఛికం, ఇంకొకచోట మరో విధంగా ఉంటుంది. అచ్చంగా ఆ నాలుగూ చెప్పాడు.

మూత్రం మీద అదుపు తప్పినా, పాదం ఎత్తలేక వేలాడిపోతున్నా ఆలస్యం చేయరాదు, నరాల మీది ఒత్తిడిని వెంటనే తొలగించాలి. అది నిత్యం.

పూస జారడం లేదు, నరం నలగడం లేదు, అరిగిన నడుము నొప్పి మాత్రమే ఉన్నదంటే ఆయన కత్తి పట్టడు. అది దాదాపు నిషేధం. 2005లో బ్రిటన్‌లో 349 మంది రోగుల మీద చేసిన పరిశీలన ఫలితాలు వెలువడ్డాయి. దీర్ఘకాలపు నడుము నొప్పికి ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారికీ, పట్టుదలగా వ్యాయామ శిక్షణ పొందినవారికీ రెండేళ్ళ తరువాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి ఆ పత్రం పంపితే నిఘంటువు పక్కన పెట్టుకొని నేనూ చదివాను.

నా వంటివారికి, అంటే పూస జారి నరాలు నలిగి, నడక తగ్గి, మందులూ వ్యాయామమూ ఫలించనివారికి, అది వైకల్పికం. చేయించుకోకపోతే ప్రాణం పోదు. చేయించుకుంటే నడక రావచ్చు. నిర్ణయం రోగిది.

ఇక అన్యవిధం. పూసలను కలపకుండా, నరాల మీద ఒత్తుతున్న ఎముకను మాత్రం తొలగించి ఊరుకోవడం. 2016లో స్వీడన్ దేశంలో 247 మంది మీద జరిగిన పరిశీలనలో ఆ చిన్న శస్త్రచికిత్సే చాలునని తేలింది. అదే సంవత్సరం అమెరికాలో 66 మంది మీద జరిగినదానిలో కలపడంవల్ల కొంత అదనపు మేలు కనిపించింది. పెద్దలలోనే ఏకాభిప్రాయం లేదని ఆయన దాచకుండా చెప్పాడు. నా ఎక్స్‌రేలు నిలబెట్టి, ముందుకు వంచి, వెనుకకు వంచి తీయించాడు. వంగినప్పుడు నా నాలుగవ పూస స్పష్టంగా ముందుకు కదులుతున్నది. కదలని పూస అయితే తాను అన్యవిధానికే మొగ్గు చూపేవాణ్ణనీ, కదిలేది గనుక కలపడమే మంచిదని తన అభిప్రాయమనీ చెప్పాడు. "కాళ్ళ నొప్పి తగ్గుతుందని ధైర్యంగా చెప్పగలను మాస్టారూ. నడుము నొప్పి పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేను" అన్నాడు. ఆ రెండవ వాక్యం విన్నాకనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

వెంటనే ఒప్పుకోలేదు. ఆరు నెలలు వ్యాయామం చేశాను. వెన్నులోకి ఒక ఇంజెక్షను చేయించుకున్నాను. అది రెండు నెలలు పనిచేసింది. ఆ తరువాత అరవై గజాలకే కాళ్ళు మొరాయించాయి. అప్పుడు సరేనన్నాను.

శస్త్రచికిత్స నాలుగు గంటలు పట్టిందట. బోర్లా పడుకోబెట్టి, నరాల మీద ఒత్తుతున్న ఎముకను తొలిచి తీశారు. రెండు పూసల నడుమ నలిగిపోయిన మెత్తటి బిళ్ళను తీసి దాని చోట చిన్న పంజరం వంటిది అమర్చారు. పూసలలోకి నాలుగు టైటానియం మరలు దింపి, ఇరుపక్కలా రెండు కడ్డీలతో బిగించారు. తొలిచి తీసిన నా ఎముకనే చిన్న ముక్కలు చేసి ఆ సందులో కూరారు. లోహమే రెండు పూసలను అతుకుతుందని నేననుకొన్నాను. పొరపాటు. లోహం స్లాబు కింద సెంట్రింగు వంటిది, కదలకుండా పట్టి ఉంచడమే దాని పని. అతుక్కోవలసింది ఎముకే. దానికి ఆరు నెలలనుంచి ఏడాది పడుతుంది. పొగ తాగేవారికి ఆ అతుకు సరిగా పడదట. ఆ అలవాటు లేకపోవడం నాకు కలిసి వచ్చింది. ఒక తేడా ఉంది. స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగు ఊడదీస్తారు, ఇక్కడ సాధారణంగా లోపలే ఉంచేస్తారు.

ఈ చికిత్సకు శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. 1911లో న్యూయార్కులో హిబ్స్, ఆల్బీ అనే ఇద్దరు వైద్యులు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీనిని ప్రకటించారు. అప్పటి శత్రువు వెన్నెముకకు పట్టే క్షయ. ఆల్బీ రోగి కాలి ముందు ఎముకనుంచి ముక్క తీసి వెన్నులో అతికాడు. మరలు లేవు, కడ్డీలు లేవు, రోగి నెలల తరబడి మంచానికి అంటిపెట్టుకొని ఉండవలసిందే. నన్ను రెండవ రోజునే నిలబెట్టారు.

ఆ నిలబడటం గురించి ఎక్కువ చెప్పను. చేయించుకున్నవారికి తెలుసు, చేయించుకోనివారికి అక్కరలేదు. పక్కకు తిరగాలంటే భుజమూ తుంటీ ఒకేసారి, దుంగ దొర్లినట్లు దొర్లాలి. మొదటి రోజు పది అడుగులు, పదిహేనవ రోజుకు కుట్లు విప్పారు. మూడు నెలలదాకా మూడు నిషేధాలు: వంగరాదు, బరువెత్తరాదు, నడుము మెలితిప్పరాదు. వ్యాయామం నేర్పడానికి వచ్చిన కుర్రవాడు కొన్ని వారాలయ్యాక, "మాస్టారూ, గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నట్లు మోకాళ్ళు కొంచెం వంచి నిలబడండి" అన్నాడు. గోడకుర్చీ! పద్యం అప్పజెప్పనివారికి నేను ఎందరికో వేయించిన గోడకుర్చీ. "ఎంతసేపు?" అంటే "పది లెక్కపెట్టేదాకా" అన్నాడు. నా శిష్యులకు నేను లెక్కపెట్టకుండానే గంట కొట్టేదాకా ఉంచేవాణ్ణి. ఏడు దగ్గరే నా తొడలు వణికాయి. ఆనాటి పిల్లలు ఎక్కడున్నారోగాని, ఆ ఏడు అంకెల్లోనూ ఒక్కొక్కరే జ్ఞాపకం వచ్చారు.

ఇప్పుడు ఫలితం. కాళ్ళ లాగుడు పోయింది. పాలకేంద్రం దాకా కాదు, కాలువ గట్టు మీద కిలోమీటరున్నర నడుస్తున్నాను. నడుము నొప్పి పూర్తిగా పోలేదు. పదిపాళ్ళలో నాలుగు పాళ్ళు మిగిలింది, తెల్లవారుజామున పలకరించి ఎండ ఎక్కాక సెలవు తీసుకుంటుంది. ఎడమకాలి బొటనవేలి మొద్దుబారినతనం అలాగే ఉంది. నేల మీద కూర్చొని భోజనం చేయలేను, గుడిలో సాష్టాంగం చేయలేను. అతుకు వేసిన చోట కదలిక పోవడంవల్ల పై పూస మీద భారం ఎక్కువై అది ముందుముందు అరగవచ్చునని హెచ్చరించారు. ఏడాది ఎక్స్‌రేలో రెండు పూసల నడుమ ఎముక చక్కగా పోసుకున్నదని చూపించారు. సంధి సిద్ధించింది. బేరం నావరకు మంచిదే.

ఇక రెండవ కారణం.

శస్త్రచికిత్స తరువాత నాలుగవ వారం. బయట పది అడుగులు నడవడానికి సిద్ధమై కుర్చీలో కూర్చున్నాను. నేను వంగరాదు గనుక మా ఆవిడే నా కాళ్ళకు బూట్లు తొడుగుతున్నది. తొడగడం అయ్యాక లేవబోయి, ఒక చెయ్యి తన మోకాలి మీద, ఒక చెయ్యి గోడ మీద ఆనించి, పెదవి బిగబట్టి, రెండు విడతలుగా లేచింది. పెళ్ళయి ముప్పై ఆరేళ్ళు. ఆ ముప్పై ఆరేళ్ళూ ఆమె వంగుతూనే ఉన్నది. నేను వంగలేక కూర్చున్నాకగాని ఆమె వంగడం నా కంట పడలేదు.

"ఏమిటి, నడుం నొప్పా?" అన్నాను.

"ఇప్పుడేమిటండీ కొత్తగా, ఎప్పుడూ ఉండేదే" అన్నది.

నిజమే, ఎప్పుడూ ఉన్నదే. నా మొదటి ఉద్యోగం రేపల్లె వైపు పల్లెలో. ఎనిమిదేళ్ళు మంచినీళ్ళ చెరువునుంచి నడుమున బిందెతో నీళ్ళు మోసింది. సాయంత్రం "నడుం లాగేస్తోందండీ" అంటే, "కాసేపు నడుం వాల్చు" అని పుస్తకంలోనుంచి తల ఎత్తకుండా చెప్పేవాణ్ణి. వెన్ను తట్టడం, వెన్నుదన్ను, నడుం బిగించడం అంటూ మన జాతీయాలను పిల్లలకు పట్టికలు వేయించి నేర్పిన పండితుణ్ణి. ఇంట్లో వినిపించే వాక్యాన్ని మాత్రం ఊతపదం కింద జమకట్టాను. నాది నొప్పి అయినప్పుడు అది వైద్యుడు, ఎమ్మారై, విదేశీ పరిశీలనలు, బెంగుళూరు ఫోనులు అయింది. ఆమెది నొప్పి అయినప్పుడు ముప్పై రూపాయల బామ్ సీసా అయింది.

మూడవ నెల తనిఖీకి వెళ్ళినప్పుడు ఆమెను కూడా చూడమని వైద్యుణ్ణి కోరాను. ఆమె వద్దన్నది. వచ్చాం కదా అన్నాను. ఎక్స్‌రేలో వీపు కింది కొసన ఒక పూస ముందువైపు నలిగి, తలుపు కింద పెట్టే చీలిక చెక్కలా ఉన్నది. ఎముకల సాంద్రత పరీక్షలో ఎముక బాగా పలచబడిందని తేలింది.

"ఇది పాతది. విరిగి, దానంతట అదే ఆ ఆకారంలో మానింది. ఎప్పుడైనా పడ్డారా అమ్మా?" అన్నాడు వైద్యుడు.

"పడలేదు బాబూ. నీళ్ళ క్యాను ఎత్తి పెట్టాను. అప్పుడు కలుక్కుమన్నది. కరోనా రెండో ఏడు."

నాకు ఆ రోజు బాగా జ్ఞాపకం ఉంది. ఇరవై లీటర్ల క్యాను. ఆమె నాలుగు రోజులు మంచం మీద ఉన్నది. ఆ నాలుగు రోజులూ కాఫీ నేనే పెట్టుకున్నానని ఫోనులో నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. ఆ నాలుగు రోజులూ ఆమె వెన్నెముక విరిగి ఉన్నదన్నమాట. అయిదవ రోజు లేచి వంట చేసింది.

కారులో తిరిగి వస్తూ ఏదో అనబోయాను. "పోనిద్దురూ, మీకు మాత్రం ఏం తెలుసు" అన్నది. తెలియకపోవడమే కదా నేరం అనుకున్నాను, పైకి అనలేదు. అంటే అదీ ఒక అలంకారమవుతుంది.

ఇప్పుడు ఆమెకు సున్నపు ధాతువు, డి విటమిను, వారానికొక మాత్ర. ఆ మాత్రను పరగడుపున నిండు గ్లాసు నీళ్ళతో మింగి అరగంటసేపు నడుం వాల్చకూడదు. ఆ అరగంటా పక్కన కూర్చొని గడియారం చూసే పని నాది. ఆదివారం ఆదివారం అదొక వ్రతమయింది. ముందుకు వంగే పనులూ బరువులూ ఆమెకూ నిషిద్ధం. నీళ్ళ క్యాను తెచ్చే అబ్బాయే ఎత్తి పెట్టి వెళుతున్నాడు, అందుకు అతనికి అయిదు రూపాయలు అదనం. మూడేళ్ళ కిందటే ఇవ్వదగిన అయిదు రూపాయలు.

ఇంట్లో ఇద్దరమూ వంగరానివాళ్ళమే గనుక కింద పడిన వస్తువు పడినచోటే ఉంటుంది. పొడవాటి పట్టకారు ఒకటి కొన్నాం. అది కనిపించనప్పుడు పక్కింటి పిల్లవాడు బడినుంచి వచ్చేదాకా కళ్ళజోడైనా, కొత్తిమీర కట్టయినా నేల మీదనే. నిన్న నా కలం దొర్లి మంచం కిందికి పోయింది. ఇద్దరం చెరోపక్కా నిలబడి దానివైపు చూసి నవ్వుకున్నాం.

మిత్రులారా, శస్త్రచికిత్స చేయించుకోవాలా వద్దా అని నన్ను అడగకండి. అది మీ పూసను బట్టి, మీ నరాన్ని బట్టి, మీ వైద్యుని నిజాయితీని బట్టి ఉంటుంది. బహుళమని ముందే చెప్పాను. ఒక్కటి మాత్రం చేయండి. మీ ఇంట్లో ఎవరైనా "నడుం లాగేస్తోంది" అంటే పుస్తకంలోనుంచి తల ఎత్తండి. ఎక్కడ, ఎప్పటినుంచి అని అడగండి. నేను ఆ రెండు ప్రశ్నలూ అడగడానికి ముప్పై ఆరేళ్ళూ, నాలుగు మరలూ పట్టాయి.

ఇరవై నిమిషాల చొప్పున ఆరు విడతలుగా కూర్చొని రాసిన టపా ఇది. అతుకులు కనిపిస్తే మన్నించండి.

స్వస్తి.